యూనియన్ దీవి విమానంలో చివరి సీటు

కింగ్స్‌టౌన్,
మార్చి 9, 2019.

పూజ్యులైన కెన్రిక్ అన్నయ్యకు,

కోపంగా ఉన్నా ముందు నమస్కారం పెట్టే రాస్తున్నాను. వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ అందరూ క్షేమం. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

మన జెండా ఉన్న విమానం లండన్‌లో దిగాలని, దేశం చిన్నదైతే కోరికలు కూడా చిన్నవే ఉండాలా అని, మన విమానాల కంపెనీ చైర్మన్‌గా నువ్వు మీటింగులో అంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పావు. ఆ పెద్ద విమానం తేవడానికి ఇక్కణ్ణుంచి మన యూనియన్ దీవికి తిరిగే రెండు చిన్న విమానాలూ అమ్మేస్తావట. పొద్దుటి విమానం ఏ రోజూ నిండటం లేదు కాబట్టి అక్కడ గిరాకీ లేదని విదేశీ సలహాదారు తేల్చాడట.

నిండదు మరి! అందులో చివరి సీటు మనం ఎవరికీ అమ్మం. దీవిలో ఎవరికైనా జబ్బు చేస్తే ఇక్కడి ఆసుపత్రికి తీసుకురావడానికి అట్టేపెడతాం. నాన్న పైలట్‌గా ఉన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఆయన కొడుకువై ఉండి ఆ సలహాదారుకు ఒక్క ముక్క చెప్పలేకపోయావా?

మొన్న జాలరి ఎల్రాయ్ భార్య గ్లెనిస్ పురిటి నొప్పులతో ఆ సీట్లోనే వచ్చింది. విమానం నడుపుతూ నేను నీ లండన్ సంగతి చెబితే అంత నొప్పిలోనూ నవ్వింది. లండన్‌కి కాకపోతే చంద్రుడి మీదికి ఎగరమను మీ అన్నని, ఈసారి నాకు నొప్పులొచ్చిన రోజు మాత్రం పడవేసుకుని తనే రమ్మను అంది. సాయంత్రానికి మగపిల్లాడు పుట్టాడు. తల్లీబిడ్డా బాగున్నారు.

ప్రధాన పైలట్‌గా నా సంతకం లేనిదే లండన్ ప్రయాణం మొదలవదని నీకు తెలుసు. నేను చెయ్యను. ఉద్యోగంలోంచి తీసేస్తావా, తీసెయ్. ఆ రెండు విమానాలూ ఉంచి ఎక్కడికైనా ఎగురు, అప్పుడు పిలవకుండానే వచ్చి సంతకం పెడతాను. అంతవరకు కూరపనస కాల్చి పెట్టమంటూ మా ఇంటి గడప తొక్కకు.

నీ మొండి చెల్లెలు,
వెర్లీన్

తా.క.: పెద్ద విమానమంటే నాకు భయమని, అందుకే అడ్డుపడుతున్నానని బోర్డులో చెప్పావట. అన్నయ్యా, పెద్ద విమానాలు నడిపే పరీక్ష నేను పోయినేడే మయామీ వెళ్లి పాసయ్యాను. లండన్‌కి మన మొదటి విమానం నేనే నడపాలని చిన్నప్పటి నుంచీ నా కోరిక. సిగ్గుపడి నీకు కూడా చెప్పలేదు. నడపమని నువ్వు ఒక్క మాటంటే ఎగిరి గంతేసేదాన్ని. ఆ చిన్న విమానాలు అమ్మితే మాత్రం బతిమాలినా రాను.