రేవు పటంలో మన ఏటి రంగు

నెల్లూరు, 12-11-58

నాయనకు హుమాయున్ సలాములు. ఈడ బాగుండాను.

మన పెన్నేరు సముద్రంలో కలిసేకాడ ఉండే పాత రేవును వీధులు, ఓడలు, దీపస్తంభంతో సహా విన్నదాన్నిబట్టి బొమ్మల పటంగా గీసినా. నేనింకా సముద్రం చూడలేదు గదా, మన ఏటి వరద మాదిరి ఎరుపు పూసినా. మా ప్రెస్సు యజమాని "సముద్రం ఎర్రగుంటాదా? చించెయ్" అని ఎగిరినాడు. ఆ రేవు నుంచి వచ్చిన ముసలి పడవాయన చూసి, "పెన్నకు వరదొస్తే మా సముద్రం ఇదే రంగు" అన్నాడు. అంతే, అచ్చేసినారు. జనం కొని అద్దం కట్టించుకుంటాండారు.

నీకొకటి పంపినా. రంగుబాన పక్కన తగిలించొద్దు, ఆవిరి తగుల్తాది. అమ్మ మోకాలు మిషను ఆసుపత్రిలో చూపించినారా?

నువ్వు నూలుకు రంగేసి ఏట్లో జాడించిన నీళ్లన్నీ ఈడికే వచ్చినాయి నాయనా. అందుకే పటం కింద "రంగు: ఫకీర్ సాహెబ్, జమ్మలమడుగు" అని నీ పేరు వేయించినా.