ముంగిట్లో నల్లరాయి

ఏక్‌బాల్‌పూర్,
12-1-1994

పోలిరాజు మావకి,

హల్దియా రేవులో నీకు క్వార్టరు ఇచ్చారన్న కబురు సత్యారావు అన్నయ్య చెప్పాడు. ఈ ఇల్లు ఖాళీ చేస్తామని, దీన్ని కూల్చి మేడ కట్టే ప్రమోటరు కాగితం మీద సంతకం పెట్టి మరీ వెళ్ళావని కూడా ఆయనే చెప్పాడు. నీ కూతురికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఈ ఉత్తరంలో నిన్నెంత తిట్టినా మన మధ్యే ఉంటుంది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసినదాన్ని ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? కోపం కాదు మావా, కష్టమేసింది.

నువ్వు పొద్దున్నే డ్యూటీకి పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషివి. ఈ ఇంటిని ఎప్పుడైనా కళ్ళారా చూశావా? గోడలకి నడుం ఎత్తు దాకా కొబ్బరికాయలంతేసి గుండ్రాళ్ళు, సున్నంలో వరసగా కూర్చారు. ముంగిలంతా అవే. సరుకు లేని ఓడలు ఒరిగిపోకుండా అడుగున వేసుకొచ్చి, రేవులో దింపేసిన రాళ్ళట. మనకి అద్దెకిచ్చిన బెంగాలీ ఇంటావిడ కాకీమా వాళ్ళ పెద్దలు వాటిని బళ్ళ మీద తోలించుకుని ఈ ఇల్లు కట్టించారు. ఎవరికీ అక్కర్లేని రాళ్ళతో ఇంత అందం ఎలా తీశారో ఆ మహానుభావులు! జొన్నకంకిలో గింజల్లా ఒద్దికగా ఉంటాయి. వానొస్తే వీధంతా మోకాటి లోతు నీళ్ళు, మన ముంగిట్లో మాత్రం సందుల్లోంచి జారిపోయి కాసేపట్లో ఇంకిపోతాయి. కడిగినప్పుడు ఒక్కో రాయి ఒక్కో రంగు తేలుతుంది. చీపురు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోతాను, అన్నం మాడిపోయిన రోజులూ ఉన్నాయి.

కుళాయి పక్కన నల్లరాయిని నువ్వూ మరిచిపోయి ఉండవు. మన పెళ్ళిలో తొక్కడానికి సన్నికల్లు దొరకలేదు. చేప బొమ్మ చెక్కిన బెంగాలీ నూరుడురాయి పనికిరాదని పంతులు గొణుగుతుంటే, పక్కింటి అప్పమ్మ పెద్దమ్మ, "రాయి రాయే గదేటి, ఈ నల్లరాయి మీద కాలెట్టు. నానూ దీన్నే తొక్కినాను" అంది. ఆ రాయి మీద కాలు పెడితేనే నువ్వు నాకు మట్టెలు తొడిగావు. ఈ ముంగిలి పేర్చింది మన శ్రీకాకుళం కూలీలేనని పెద్దమ్మ అంటూంటుంది, ఎవరూ నమ్మరనుకో. మనవాళ్ళలో ఏ పిల్ల పెళ్ళయినా ఆ రాయే. మన పైడి కాలు కూడా దాని మీదే పెట్టించాలని దాన్ని కన్ననాడే అనుకున్నాను. ఫాల్గుణంలో పెళ్ళి పెట్టుకుని ఇప్పుడు ఇల్లు కూల్చేస్తామంటే ఎలా?

పార్టీ ఆఫీసు కుర్రాళ్ళు కూడా వచ్చి, అందరూ ఒప్పుకున్నారు, నువ్వూ ఒప్పుకో బౌదీ అని వదిన వరస కలిపారు. తలుపేసుకున్నాను. నేను కదలను. పెళ్ళి ఈ ముంగిట్లోనే. నువ్వొస్తే రా.

అలిగి కూర్చున్న
జగ్గమ్మ


ఏక్‌బాల్‌పూర్,
3-2-1994

మావా,

నీ ఉత్తరం అందింది. అడిగితే వద్దంటానని భయపడి అడగలేదని రాశావు. అంత నిజం చెప్పినవాణ్ణి ఇంకేం తిట్టను?

నిన్న ప్రమోటరు వచ్చాడు. పెళ్ళి దాకా ఆగడం కుదరదన్నాడు గానీ, మర్యాదగానే నా గోడు విని, ఆ ఒక్క రాయి కావాలంటే పట్టుకుపొమ్మని ఇద్దరు మనుషుల్ని పంపాడు. నేను అడ్డం నిలబడ్డాను. పైడి నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగేసింది. గునపాలు వేసి పెకలించి, తిరగేశారు.

మావా, అది అడుగున గుండ్రంగా లేదు. చదునుగా ఉంది. నడుమ పళ్ళెంలా అరిగింది, అంచుల్లో ఉలిపోట్లు. కాకీమా వంగి చూసి, చేప లేదు, ఇది మాది కాదంది. అప్పమ్మ పెద్దమ్మ మట్టి తుడిచి వేళ్ళతో తడిమింది.

"ఇది సన్నికల్లే. ఏ తల్లో మనూరి నుంచి మోసుకొచ్చుంటది. అరిగిపోయినాక పారేయనేక ఇక్కడ బోర్లించీసినాది" అంది.

సన్నికల్లు లేదని ఇన్నేళ్ళూ సరిపెట్టుకున్నాం. మనం తొక్కింది సన్నికల్లే! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెద్దమ్మని నమ్మనందుకు అందరం చెంపలేసుకున్నాం.

రాత్రంతా ఆ తల్లి గురించే ఆలోచించాను. పేరు కూడా తెలియదు. ఊరొదిలి వస్తూ ఇంత బరువుని వెంట తెచ్చుకుంది, తన మనిషి పేరుస్తున్న రాళ్ళ మధ్య దానికీ చోటడిగి ఉంటుంది. అంత దూరం ఆమె మోసింది, హల్దియా దాకా నేను మోయలేనా? ముంగిలి పోతుందంటే ఇప్పటికీ మనసొప్పడం లేదు. పొద్దున్నే ఒకసారి కడిగి, పేర్చిన చేతులకి దణ్ణం పెట్టుకున్నాను.

పెళ్ళి నీ క్వార్టరు ముందే చేద్దాం. రాయిని మాత్రం బోర్లించే పెట్టాలి, పెళ్ళికూతుళ్ళు కాళ్ళు పెట్టిన వైపు పైకి. పంతులు ఏమన్నా అంటే నేను చూసుకుంటాను.

ఆదివారం సంత్రాగాఛిలో బండెక్కుతాం. స్టేషనుకి ఒక్కడివే రాకు, రాయి చాలా బరువు.

నీ
జగ్గమ్మ