వైజాగు ఫ్లాటూ, నా నోటికి తాళమూ

జూన్ 2, ధర్మవరం

ఈ రోజు నుంచి బేరం బంద్! దేవుడి పటం ముందు భాగ్యశ్రీ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను. వైజాగులో ఫ్లాటు చేతికొచ్చేదాకా ఎవరితోనూ, దేనికీ బేరమాడను.

భాగ్యశ్రీ నా భార్య. పెళ్ళైన కొత్తలో ఆమెకు వైజాగు చూపించాను. కిటికీ తీస్తే సముద్రం కనిపించే ఇల్లు కావాలని అప్పటి నుంచీ ఆమె కోరిక. ఇప్పుడు మా అమ్మాయి రూపకు ఉద్యోగం కూడా అక్కడే. ఇంకా ఆగడం దేనికని ఈ ఏడాది రెండు ఫ్లాట్లు చూశాం. రెండూ నా నోటి వల్లే పోయాయి.

మొదటిదానికి రెండు లక్షలు తగ్గించమని నెల రోజులు లాగాను. ఈలోగా వాళ్ళు ఆరు లక్షలు పెంచారు. రెండోచోట లేచి వచ్చేశాను. మా పట్టుచీరల అంగట్లో కొనడానికొచ్చిన గిరాకీ లేచి మెట్లు దిగుతుంటే వెనక్కి పిలుస్తాం. అది మర్యాద. వైజాగులో లిఫ్టు దగ్గర ఎంతసేపు నిలబడినా ఒక్కరూ పిలవలేదు!

నిన్న ఇంటికి తిరిగొచ్చాక భాగ్యశ్రీ కోప్పడలేదు. “ఈ తూరి గూడా మీరు చెడగొడితే, నేనింగ సముద్రం మాటే ఎత్తను” అని నెమ్మదిగా అంది. తిట్టినా బాగుండేది.

జూన్ 4

సాధన మొదలు. కూరగాయల మార్కెట్లో యల్లక్క టమాటాలకు ఎంత చెబితే అంత ఇచ్చాను. ఆమె నా మొహంలోకి చూసి, “ఏమప్పా, ఒంట్లో బాగలేదా?” అంది. జాలిపడి గుప్పెడు కొత్తిమీర ఊరికే సంచిలో వేసింది.

బేరమాడకపోతే ఇంత లాభమా! ఇన్నేళ్ళూ తెలియలేదు.

జూన్ 9, హిందూపురం

బంధువుల గృహప్రవేశం. స్టేషన్ దగ్గర ఆటో అతను వంద అన్నాడు. ఎనభై అని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. అతను సరే అన్నాడు.

అది బేరం కాదు, అలవాటు. దగ్గో తుమ్మో వస్తే ఆపుకుంటామా? భాగ్యశ్రీకి చెప్పలేదు.

జూన్ 14, వైజాగు

బ్రోకరు గిరి లాసన్స్ బే కాలనీలో ఫ్లాటు చూపించాడు. వంటింటి కిటికీ నిండా సముద్రం! భాగ్యశ్రీ కిటికీ ఊచలు పట్టుకుని అలా నిలబడిపోయింది.

యజమాని రిటైరైన ఇంజనీరు. ధర చెప్పాడు. నాలుక దురద పెట్టింది. పళ్ళు బిగించి “సరే” అన్నాను. గిరికి పొలమారింది. ఇంజనీరు తన భార్య వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. చెప్పిన ధరకే గిరాకీ ఒప్పుకుంటే, అయ్యో తక్కువ చెప్పామే అని నేనూ అలాగే చూస్తాను.

అడ్వాన్సు రేపు. భాగ్యశ్రీ నా చెయ్యి వదల్లేదు. నేను మారిపోయాను.

జూన్ 15, ఉదయం

ఒక సంగతి తట్టింది. బేరం వేరు, కొసరు వేరు. బేరమంటే ధర తగ్గించమనడం. కొసరంటే కొన్నవాడికి దక్కే ఆనవాయితీ. మేం చీర మీద జాకెట్ గుడ్డ ఇవ్వడం లేదా?

కొసరు అడగనని నేను ఒట్టు పెట్టలేదు!

జూన్ 15, సాయంత్రం

అడిగాను. ఫ్యాన్లు వదిలేస్తామన్నారు. గీజరూ వదిలేస్తామన్నారు. అక్కడ నోరు మూసుకోవాల్సింది.

బాల్కనీలో ఇత్తడి గొలుసుల ఉయ్యాల ఉంది. అది ఇంజనీరు భార్యకు పుట్టింటివాళ్ళు ఇచ్చిందట. దాన్నీ అడిగాను. ఆవిడ కుదరదంది. నేను లేచాను. ఊరికే లేచాను! కాళ్ళు వాటంతటవే లిఫ్టు దాకా నడిచాయి. భాగ్యశ్రీ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

ఎవరూ పిలవకపోయేసరికి నేనే లోపలికి వచ్చాను. ఇంజనీరు అప్పుడే ఫోను పెట్టేశాడు. మొన్న చూసి వెళ్ళిన వాళ్ళకు మాట ఇచ్చేశాడట. భాగ్యశ్రీ వంటింట్లోకి వెళ్ళి కిటికీలోంచి ఒకసారి చూసి వచ్చి, చెప్పులు వేసుకుంది.

జూన్ 18, ధర్మవరం

సముద్రం మాట లేదు. నిజంగానే లేదు. ఇంకో ఫ్లాటు ఉందని రూప ఫోన్ చేస్తే, “మీ నాయనను ఎందుకు సతాయిస్తావు, వదిలెయ్” అంది. అదీ నవ్వుతూ.

అంగట్లో గిరాకీ లేచి పోతుంటే వెనక్కి పిలవడం మరిచిపోయాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఉయ్యాలతో నాకేం పని?

జూన్ 29, వైజాగు

బతిమాలి, బామాలి తీసుకొచ్చాను. రూప చూసిన ఫ్లాటు ఇది, ఎండాడలో. రెండు అపార్ట్‌మెంట్ల సందులోంచి సముద్రం సన్నగా కనిపిస్తుంది. ధర లాసన్స్ బే ఫ్లాటు కంటే ఎక్కువ. బిల్డరు మాట పూర్తి కాకముందే సరే అన్నాను. కొసరు ఊసే ఎత్తలేదు.

అప్పుడు నోరు విప్పింది భాగ్యశ్రీ.

“ఏం సార్, సముద్రం చీరంచంత కనపడతాండాది. ధర మాత్రం నిండు సముద్రానికి చెప్తాండారే?”

బిల్డరు నవ్వాడు గానీ ధర దించలేదు. ఈమె లేచింది! నేను వెనకాలే పరిగెత్తాను. అంగట్లో ఇన్నేళ్ళు నా పక్కన కూర్చున్న మనిషి కదా, ఎక్కడికి పోతుంది ఆ బుద్ధి. లిఫ్టు దగ్గర నా చెవిలో, “వెనక్కి చూడద్దండి, పిలుస్తాడు” అంది.

లిఫ్టు వచ్చింది, పంపించేశాం. మళ్ళీ వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఆమె మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. నాకు భయం వేసింది. ఇంకోసారి ఈమె కిటికీ వైపు చూసి చెప్పులు వేసుకోవడం నేను చూడలేను. పరువుదేముంది, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, బిల్డరు చెప్పిన ధరకే అడ్వాన్సు చెక్కు రాసిచ్చాను.

భాగ్యశ్రీ బాల్కనీలోకి వెళ్ళి ఆ సందులోకి చూస్తూ నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

జూన్ 30

ఈ రోజు నుంచి బేరం బంద్! ఈసారి ఇద్దరమూ. రూప మా ఇద్దరి చేతులూ కలిపి ఒట్టు పెట్టించింది.

సాయంత్రం కర్టెన్ల గుడ్డ కొనడానికి వెళ్ళాం. అంగడి మెట్ల దగ్గర భాగ్యశ్రీ నన్ను పక్కకు లాగి, మెల్లగా అడిగింది:

“ముందు మీరు లేస్తారా, నేను లేద్దునా?”

సరే. ఒట్టు రేపటి నుంచి.