బోనులోంచి కనిపించని అమ్మ
జనవరి 1996, మంగళవారం

ఈ కుక్కపిల్ల నన్ను పిచ్చిదాన్ని చేసేలా ఉంది. బోనులో పెట్టి తలుపు వేస్తే చాలు, ఎవరో గొంతు పిసికినట్టు అరుస్తుంది. ఈ చలిలో శాలువా కప్పుకుని కింద పార్కుకి తీసుకెళ్తే గడ్డి వాసన చూస్తూ తిరుగుతుంది తప్ప పని కానిచ్చుకోదు. మెట్లెక్కి ఇంట్లోకి రాగానే తివాచీ మీద పోసేస్తుంది. పొద్దున కింది క్వార్టర్ పంజాబీ ఆంటీ వచ్చి, "బేటీ, దాన్ని కొడుతున్నారా?" అని అడిగింది. నేను కొట్టడమా!

ఆయనకేం, "అలవాటైపోతుందిలే" అని ఆఫీసుకి వెళ్లిపోయారు. దీన్ని ముచ్చటపడి తెచ్చింది ఆయనే.

మధ్యాహ్నం తివాచీ కడుగుతూ ఏడ్చేశాను. స్కూల్ నుంచి వచ్చిన మా అమ్మాయి చిన్ని నన్ను చూసి బ్యాగు పక్కన పడేసింది. కుక్కపిల్ల పక్కనే బోనులోకి తల దూర్చి పడుకుంది.

"లేవే, యూనిఫాం పాడవుతుంది!"

"మమ్మీ, యహాఁ సే ఆప్ దిఖ్తీ హీ నహీఁ."

అక్కడి నుంచి నేను కనిపించనట. నిజమే, బోను నోరు గోడవైపు ఉంది. ఇన్నాళ్లూ నాకు తట్టనేలేదు. ఈడ్చుకొచ్చి వంటింటి గుమ్మానికి ఎదురుగా పెట్టాను. కూర తరుగుతున్నంతసేపూ కుక్కపిల్ల నన్నే చూస్తూ పడుకుంది, కిక్కురుమనలేదు. నాకు కోపం తగ్గలేదు గానీ, ఎందుకో రెండుసార్లు తిరిగి చూశాను.

రేపటితో నేను ఆఫీసుకి పెట్టిన సెలవు అయిపోతుంది. ఎల్లుండి ఇది ఎవరిని చూస్తుంది? ఆయన్నే సెలవు పెట్టించి బోను ఎదురుగా కూర్చోబెట్టాలి...