కారు మోతలో పిలిచిన పేరు

అక్కా,

నా రాత వంకర, తప్పులూ ఉంటాయి. చదివింది ఐదో తరగతే కదా, నవ్వకు. ఫోన్‌లో చెబితే ఇంట్లో అందరూ వింటారు.

మా పక్కింటి జ్ఞానశేఖర్ సారు కారు మీద కాకి వాలినా అలారం మోగుతుంది. నిన్న పొద్దున ఆ మోతలో మా ఆయన టిఫిన్ డబ్బా మరిచి బండి ఎక్కారు. "ఇగో, జెర ఆగుండ్రి" అని ఎంత పిలిచినా వినబడలేదు. ఇక "కిషన్!" అని అరిచాను. సరిగ్గా అప్పుడే అలారం ఆగింది. గల్లీ అంతా నా వైపే చూసింది. ఆయన నవ్వుతూ వచ్చి డబ్బా తీసుకెళ్లారు.

"ఏందే, మొగన్ని పేరు పెట్టి పిలుస్తవా? ముప్పై ఏండ్లాయె, మీ మామ పేరు నేను ఒక్కసారి సుత అనలే" అన్నారు అత్తమ్మ. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం అలారం మళ్లీ మొదలైంది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లారు. వాకిట్లో కుండీలకు నీళ్లు పోస్తున్న మామయ్యను చూస్తూ, "ఓ పురుషోత్తం!" అని గొంతెత్తి అరిచారు. ఆయనకు వినబడనే లేదు. ఇద్దరం నేల మీద కూలబడి కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం.

సారు రేపు కారు బాగు చేయిస్తారట. "ఇంకో రెండు దినాలు ఆగమను" అంటున్నారు అత్తమ్మ.

ఇద్దరి పేర్లూ కాగితం మీద రాసేశాను. చదవగానే కాల్చెయ్యి.

నీ చెల్లెలు