రెండో చరణానికే ఖాళీ అయిన హాలు

ఫ్రిస్కో, అక్టోబర్ 6

మహారాజశ్రీ తెలుగు మిత్రమండలి ఫిర్యాదుల కార్యదర్శి గారి సముఖమునకు,

ఫిర్యాదులు కాగితం మీద రాసి పోస్టులోనే పంపాలన్న మీ నియమావళిని శిరసావహించి, జీవితంలో మొదటిసారి స్టాంపు కొన్నాను.

శనివారం ప్లేనోలో జరిగిన మండలి పాటల పోటీ గురించి ఈ విన్నపం. మన సభలన్నీ నలభై ఏళ్లుగా ఒకే శాంతిగీతంతో ముగుస్తాయని తమకు తెలుసు. ఆ గీతాన్ని నేను జమైకావాళ్ల రెగే బాణీలోకి మార్చి, గిటార్ వాయిస్తూ పాడాను. రెండు నెలల సాధన. పక్క అపార్ట్‌మెంట్ కుక్క కూడా తలూపేది.

మొదటి లైన్ అందుకోగానే హాలంతా లేచి నిలబడింది. గౌరవం అనుకున్నాను. "అయిపోయిందండీ, పదండి, డిన్నర్ లైన్ పెరిగిపోతుంది" అన్నారెవరో. ఆ పాట వినపడితే సభ ముగిసినట్టే కదా మరి. ఒక ఆంటీ స్టేజీ దగ్గరకొచ్చి, "బాబూ, ఆ వైర్ కొంచెం పక్కకి తియ్యి, స్ట్రోలర్ వెళ్లాలి" అన్నారు. పాడుతూనే తీశాను.

జడ్జీలు నాకు ఏడేళ్ల వేద కన్నా ఇరవై మార్కులు ఎక్కువే వేశారు. కానీ పాట నచ్చి హాల్లో ఎత్తిన ప్రతి చేతికీ ఒక మార్కు. వేదకి ఇరవై ఒక్క చేతులు. నాకు సున్నా. ఒక్క మార్కులో పోయింది.

బహుమతి అక్కర్లేదు. ఒక్క సంగతి తెలిస్తే చాలు: ఆ పాట చివరిదాకా ఎవరైనా విన్నారా?

తమ విధేయ పరాజితుడు,
రుత్విక్

తా.క.: నేను పాట ముగించి వెళ్లేసరికి గుత్తివంకాయ అయిపోయింది. ఇది ఫిర్యాదు కాదు, సమాచారం.

*

కాపెల్, అక్టోబర్ 11

శ్రీ రుత్విక్ గారికి,

గుత్తివంకాయపై మీ ఫిర్యాదు అందినది. వంట కమిటీ రేణు గారిని వివరణ కోరగా, "రెండు ట్రేలు ఎక్స్‌ట్రా పెట్టాం అంకుల్, ఇంకేం చెయ్యమంటారు?" అన్నారు. వచ్చే సభలో మీకు ముందుగా వడ్డించబడును. ఫైలు తెరిచే ఉన్నది. మళ్లీ రాయగలరు.

రామమోహనరావు,
ఫిర్యాదుల కార్యదర్శి

తా.క.: ఎన్ని వంకాయలు తినగలరో సంఖ్య తెలుపగలరు.

*

ఫ్రిస్కో, అక్టోబర్ 15

గౌరవనీయులైన రామమోహనరావు గారికి,

వంకాయ కాదండీ, పాట. కుండబద్దలు కొట్టినట్టు చెబుతాను. హాల్లో చివరి వరసలో బూడిదరంగు స్వెటర్ వేసుకుని ఒకాయన కూర్చున్నారు. లైట్లు కళ్లల్లో పడి ముఖం కనపడలేదు. పాట అయ్యేదాకా కదల్లేదు. అలాగని చెయ్యీ ఎత్తలేదు. విన్నారా, నిద్రపోయారా? ఆ స్వెటర్ సంగతి తేల్చకపోతే నాకు మనశ్శాంతి లేదు. పాడింది శాంతిగీతం అయినా సరే.

ఆశ చావని,
రుత్విక్

తా.క.: నాలుగు.

*

కాపెల్, అక్టోబర్ 20

శ్రీ రుత్విక్ గారికి,

మీరు పోగొట్టుకున్న బూడిదరంగు స్వెటర్‌ను ఇందువెంట పార్సిల్‌లో పంపడమైనది. మోచేతి దగ్గర కుట్టు కొంచెం వంకరగా ఉన్నది, మన్నించగలరు.

రామమోహనరావు

తా.క.: ముట్టినట్టు ఉత్తరం రాయాలి. టెక్స్ట్ మెసేజ్ చెల్లదు.

*

ఫ్రిస్కో, నవంబర్ 2

రామమోహనరావు అంకుల్‌కి,

స్వెటర్ నాది కాదు. అయినా వేసుకున్నాను. సరిపోయింది.

నాది ఇంటి నుంచే ఉద్యోగం. ఈ ఊరొచ్చి పదినెలలైంది. ముఖాముఖి మాట్లాడింది ఎక్కువగా డ్రైవ్-త్రూ మైక్‌తోనే. నా మెయిల్‌బాక్స్‌లో "ప్రస్తుత నివాసికి" అని వచ్చే ప్రకటనలు కాకుండా నా పేరుతో వచ్చేవి మీ ఉత్తరాలే. అయినా ఇక మిమ్మల్ని విసిగించను. ఎవరూ వినలేదని రాసుకుని ఫైలు మూసేయండి.

స్వెటర్‌లో ఉన్న,
రుత్విక్

తా.క.: మూసేముందు ఇంకేదైనా పొరపాటుగా అర్థం చేసుకోదలిస్తే నాకు అభ్యంతరం లేదు.

*

కాపెల్, నవంబర్ 6

చిరంజీవి రుత్విక్‌కి,

నీ మొదటి ఉత్తరమే నాకు పూర్తిగా అర్థమైంది. సరైన జవాబు ఇచ్చిన రోజున ఫైలు మూసేయాలని నియమం. మా ఆవిడ సరోజ పోయిన ఈ నాలుగేళ్లలో నాకు చేతిరాతతో వచ్చిన మొదటి ఉత్తరం అదే. మూసెయ్యబుద్ధి కాలేదు. అందుకే వంకాయలు, అందుకే పార్సిల్.

ఆ స్వెటర్ ఎవరూ పోగొట్టుకోలేదు. నాదే. కుట్టు కూడా నేనే వేశాను, చూశావుగా. చివరి వరసలో కూర్చున్నది నేనే. నిద్రపోలేదు.

ఆ గీతం రాసిందీ నేనే. నలభై ఏళ్లుగా అది మొదలవగానే జనం వీపులు చూస్తున్నాను. ఎవరి పాట అని అడిగినవాళ్లు లేరు. రచయిత తన పాటకి తనే చెయ్యెత్తకూడదని నియమావళిలో రాసిన బుద్ధిమంతుణ్ణి కూడా నేనే. ఆ రోజు చెయ్యి తొడకింద పెట్టుకుని కూర్చున్నాను.

నువ్వు రెండు చరణాలే పాడావు. తప్పు నీది కాదు. మండలి పుస్తకంలో అంతే అచ్చేశారు, మూడోదానికి హాల్లో ఎవరూ మిగలరు గనక. ఆ మూడో చరణం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆదివారం మధ్యాహ్నం గిటార్ తీసుకుని మా ఇంటికి రా.

మూడు చరణాలూ వినబోయేవాడు,
రామమోహనరావు

తా.క.: వంకాయలు నాలుగు కొన్నాను. పాట మొత్తం అయ్యాకే వడ్డిస్తాను. మా ఇంట్లో నియమావళి లేదు గనక చెయ్యి కూడా ఎత్తుతాను.