ఫార్మలిన్‌లో పడని ముక్క

1984 ఆగస్టు, మంగళవారం రాత్రి

సొంత ల్యాబు తాళం చేతికొచ్చి నెలైనా ఒక్క కాన్సర్ కణమూ నా దగ్గర బతకలేదు. ఆపరేషన్ థియేటర్ ఆయా నరసమ్మ, కోసిన గడ్డని అలవాటుగా ఫార్మలిన్‌లో వేసేస్తోంది. అందులో పడితే కణాలు చచ్చినట్టే. బతికున్న ముక్క కావాలని ఈ ఆస్పత్రిలో ఇంతకుముందు అడిగిందెవరు?

ఇవాళ ఐసు ఫ్లాస్కుతో నేనే థియేటర్ గుమ్మంలో నిలబడ్డాను. "ఏటమ్మా, సేపలు కొనడానికొచ్చినట్టు ఐసేటి?" అని నవ్వింది నరసమ్మ. ముక్కని మాత్రం సెలైన్‌లోనే వేసిచ్చింది.

సాయంత్రం ఆ కణాలతో, ఆ గడ్డ తీయించుకున్న పేషెంటు సన్యాసమ్మ రక్తంలోని తెల్లకణాల్ని కలిపి మైక్రోస్కోపులో చూశాను. తెల్లకణాలు చుట్టూ మూగాయి! చంపుతాయో లేదో రేపుగాని తెలీదు. చంపకపోతే? ఒంట్లోని తెల్లకణాలే కాన్సర్‌ని చంపగలవని నేననుకున్నదంతా తప్పేనా?

నిన్న రక్తం తీస్తుంటే సన్యాసమ్మ అడిగింది, "నా రగతంతో ఏటి సేత్తావమ్మా?" అని. పరీక్షకని చెప్పి వచ్చేశాను. ఈ పనివల్ల ఆమెకి ఒరిగేదేమీ లేదు మరి.

అయినా ఇవాళ వార్డుకెళ్లాను. "నీ రక్తం గడ్డ కణాల్ని చుట్టుముట్టిందమ్మా. గెలుస్తుందో లేదో ఇంకా తెలీదు" అన్నాను.

మెడకి కట్టుతోనే లేచి కూర్చుంది. గాజులు మోచేతి దాకా తోసి చెయ్యి చాచింది.

"అయితే ఇంకొంచెం తీసుకెళ్లమ్మా, దానికి సాయముంటాది."